బ్రష్ పట్టిన చెయ్యి వణకకుండా: కొత్తగా నెయిల్స్ నేర్చుకునేవాళ్లు ధైర్యం తెచ్చుకోవడం ఎలా

కోర్సులో ప్లాస్టిక్ చేతి మీద చక్కగా రంగు వేసిన అమ్మాయికే, నిజమైన వేలు పట్టుకోగానే బ్రష్ వణుకుతుంది. నాకూ అలాగే అయింది. ఎదురుగా కూర్చున్నది మా వదిన. అయినా రెండున్నర గంటలు పట్టింది. పది గోళ్లూ మెరిపించుకుంటూ వెళ్లింది. నాలుగో రోజు పొద్దున ఫోన్ చేసి, "రెండు వేళ్లకు లేచిపోయిందే. తలస్నానం చేస్తుంటే వెంట్రుకలు చిక్కుకుంటున్నాయి. ఎందుకట్లయింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత రెండు వారాలు బ్రష్ ముట్టుకోలేదు.

ఇప్పుడు హైదరాబాద్ మల్కాజిగిరిలో మా ఇంటి ముందు గదిలోనే టేబుల్ వేసుకుని పని చేస్తున్నాను. నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు మొదట అడిగేది ఒకటే: "అక్కా, ధైర్యం ఎప్పుడొస్తుంది?" నాకు తెలిసినంతలో, పాడైన గోరును చూసి ఎందుకు పాడైందో చెప్పగలిగిన రోజు వస్తుంది. ఆ రోజు వదిన ప్రశ్నకు జవాబు తెలిసుంటే నేను మర్నాడే ఆమె ఇంటికి వెళ్లి సరిచేసి వచ్చేదాన్ని. అందుకే కింద చెప్పే పద్ధతంతా కారణాలు తెలుసుకోవడం చుట్టూనే ఉంటుంది.

ముందు మీ గోరును చూసుకోండి

రంగుల సీసాలు పక్కన పెట్టండి. పగటి వెలుతురులో మీ ఎడమ చేతి బొటనవేలిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. గోరు మొదట్లో మడతలా ఉండేది ప్రాణమున్న చర్మం. దాన్ని కత్తిరించకూడదు. ఆ మడత కింద నుంచి గోరు పైకి పల్చగా, దాదాపు కనిపించకుండా అతుక్కుని వచ్చే పొర ఒకటి ఉంటుంది. అది చచ్చిన చర్మం, అసలైన క్యూటికల్ అదే. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. దాంతో కత్తిరించకూడనిది కత్తిరించి రక్తం రప్పిస్తారు, తీయాల్సింది వదిలేస్తారు. గోరు మీద ఆ పల్చటి పొర మిగిలితే జెల్, అంటే ల్యాంప్ వెలుతురులో పెడితే గట్టిపడే రంగు, గోరుకు కాకుండా ఆ పొరకు అతుక్కుంటుంది. నాలుగు రోజుల్లో పొరతో పాటు జెల్ కూడా లేస్తుంది. మా వదినకు జరిగింది ఇదే.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొత్తం గోరు కొత్తగా రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. అంటే మీరు ఫైల్‌తో ఎక్కువగా అరగదీసిన చోటు అన్నాళ్లూ పల్చగానే ఉంటుంది. రంగు తప్పు పడితే తుడిచేయొచ్చు, అరగదీసిన గోరును వెనక్కి తేలేం. కాబట్టి మొదటి వారం రంగు వద్దు, ఫైల్ పట్టడం మాత్రమే నేర్చుకోండి. ఫైల్ మీద నంబర్ పెరిగే కొద్దీ అది నున్నగా ఉంటుంది. సొంత గోరు ఆకారం దిద్దడానికి 180 లేదా 240 వాడండి. 100 నంబర్ ఎక్స్‌టెన్షన్స్ (పొడవు కోసం అతికించే గోళ్లు) కోసం, సొంత గోరుకు తాకించొద్దు. గోరు పైభాగాన్ని రఫ్ చేయమన్నప్పుడు మెరుపు పోతే చాలు, ఇంకా లోతుకు వెళ్లొద్దు.

ఒకే ఆకారం, రెండు రంగులు

మొదటి నెలంతా పొట్టిగా గుండ్రంగా ఉండే ఒక్క ఆకారమే చేయండి. రెండే రంగులు కొనండి: ఒకటి లేత నూడ్ (చర్మం రంగు), ఒకటి ముదురు ఎరుపు. ఎరుపు మీ తప్పులన్నీ చూపిస్తుంది, అంచు వంకర పోతే అడుగు దూరం నుంచి కూడా తెలుస్తుంది. అందుకే కొత్తవాళ్లు దానికి దూరంగా ఉంటారు. నేను మాత్రం దాంతోనే మొదలుపెట్టమంటాను.

ఆక్రిలిక్, డ్రిల్ మెషిన్, స్టోన్లు, త్రీడీ పూలు ఇప్పుడే వద్దు. నేను చేరిన చోట రెండు రోజుల్లో ఇవన్నీ చూపించేశారు. బయటికొచ్చాక ఒక్కటీ సొంతంగా చేయలేకపోయాను. నెయిల్స్ ఒక్కటే కాకుండా బ్యూటీషియన్ పని మొదటి నుంచి నేర్చుకోవాలనుకునేవాళ్లు ప్రభుత్వ సంస్థ సెట్విన్ కోర్సుల గురించి కనుక్కోండి. ప్రైవేటులో చేరేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "నిజం మనుషుల మీద ఎన్ని సెట్లు (సెట్ అంటే పది గోళ్లు) చేయిస్తారు?" సమాధానం నీళ్లు నమిలినట్టు ఉంటే డబ్బు కట్టకండి.

బేగంబజార్‌లో సామాను చవకగా దొరుకుతుంది, నేనూ అక్కడే కొంటాను. ఫైళ్లు, ఫాయిల్, దూది, టిప్స్ (ప్లాస్టిక్ గోళ్లు), బ్రష్‌లు అక్కడ కొనుక్కోండి. జెల్, ప్రైమర్ (జెల్ బాగా అతుక్కోవడానికి ముందు రాసేది) లాంటి రసాయనాల దగ్గర మాత్రం తొందరపడకండి. తయారీదారు పేరు, దినుసుల జాబితా, గడువు తేదీ లేని డబ్బా ఎంత చవకైనా ముట్టుకోకండి. అందులో ఏముందో మీకు తెలియకపోతే, రేపు ఎవరికైనా వేలు ఎర్రబడినప్పుడు మీరు ఏం చెప్తారు?

వణుకు తగ్గించడం

వణుకు మనసులోంచి వస్తుందంటారు గానీ, చాలావరకు మోచెయ్యి గాల్లో ఉండటం వల్ల వస్తుంది. రెండు మోచేతులూ టేబుల్ మీద ఆనించండి. బ్రష్ పట్టిన చేతి చిటికెన వేలిని, ఎదుటివాళ్ల వేలు పట్టుకున్న మీ రెండో చేతి మీద ఆన్చండి. ఇప్పుడు మీ రెండు చేతులూ ఒక్కటిగా కదులుతాయి. వణికినా కలిసే వణుకుతాయి, గీత చెదరదు.

రెండో కిటుకు: గోరు పక్క అంచులకు రంగు వేసేటప్పుడు మీ మణికట్టు తిప్పకండి, ఎదుటివాళ్ల వేలిని తిప్పండి. బ్రష్ ఎప్పుడూ మీకు అలవాటైన కోణంలోనే ఉంటుంది.

చిన్నప్పుడు ముగ్గు నేర్చుకున్నవాళ్లకు ఈ పని సగం వచ్చినట్టే. పిండి ఎంత వదలాలో వేళ్లకు తెలిశాకే గీత నిలకడగా వచ్చింది కదా. ఇక్కడా బ్రష్ మీద ఎంత జెల్ ఉందన్నదే ముఖ్యం. సీసా మూతి దగ్గర ఒక వైపు పూర్తిగా తుడిచేయండి, రెండో వైపు చిన్న బొట్టు మాత్రమే ఉంచండి. ఆ బొట్టును గోరు మధ్యలో దించి, మెల్లగా గోరు మొదలు వైపు తోయండి. చర్మానికి వెంట్రుక మందం దూరంలో ఆపి, అక్కడి నుంచి కొనకు లాగండి. తర్వాత రెండు పక్కలు. చివరగా గోరు కొన అంచును కూడా బ్రష్‌తో మూయాలి. దాన్ని మర్చిపోతే వారంలోపే కొనల దగ్గర ఊడుతుంది.

రోజుకు ఇరవై నిమిషాలు, ప్లాస్టిక్ టిప్స్ మీద ఎరుపు వేయడం, తుడవడం, మళ్లీ వేయడం. ల్యాంప్‌లో పెట్టనవసరం లేదు. ల్యాంప్‌లో పెట్టని జెల్‌ను ఆల్కహాల్‌తో తుడిచేయొచ్చు, ఖర్చూ తక్కువే. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవడం మాత్రం మర్చిపోకండి. ఎందుకో కింద చెప్తాను.

పది గోళ్ల పుస్తకం

నన్ను నిలబెట్టింది ఇదే. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. ప్రతి సెట్‌కు ఒక పేజీ. పేజీ మీద పది గోళ్ల బొమ్మలు గీయండి, ఎడమ చేతికి ఐదు, కుడి చేతికి ఐదు. పక్కన తేదీ, వాడిన బేస్ (రంగు కింద వేసే పూత), రంగు, టాప్ (రంగు పైన వేసే పూత), ఎన్ని సెకన్లు ల్యాంప్‌లో పెట్టారు, మొత్తం ఎంతసేపు పట్టింది రాయండి. తర్వాత ఏడో రోజు, పద్నాలుగో రోజు ఆ చేతుల ఫొటో తెప్పించుకుని, ఏ గోరు ఎక్కడ లేచిందో బొమ్మ మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.

ఇలా పది పేజీలు నిండితే ఆ ఎర్ర గుర్తులే మాట్లాడతాయి. గోరు మొదలు వైపు లేస్తే, చచ్చిన పొర మిగిలింది లేదా జెల్ చర్మం మీదికి పారింది. ఒక పక్కనే లేస్తే, ఆ పక్క గాడిలోకి జెల్ దిగింది. కుడిచేత్తో పని చేసేవాళ్లకు ఇది ఎదుటివాళ్ల ప్రతి వేలికీ ఒకే వైపు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ వైపు మన కంటికి సరిగా ఆనదు. కొనలు ఊడితే అంచు మూయలేదు, లేదంటే ఆవిడ గోరుతో డబ్బా మూతలు తీస్తోంది. జెల్ మొత్తం ఒక్క ముక్కగా, స్టిక్కర్‌లా వచ్చేస్తే గోరు మీద నూనె గానీ తడి గానీ మిగిలింది. రంగు ముడతలు పడితే పొర మందమైంది, పైభాగం గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోయింది.

నా పుస్తకంలో మొదటి ఎనిమిది పేజీల్లో ఏడింటిలో బొటనవేళ్ల మీదే ఎర్ర గుర్తులున్నాయి. వారం రోజులు దాని గురించే ఆలోచించాను. చివరికి ల్యాంప్‌లో చెయ్యి పెట్టి వంగి చూస్తే తెలిసింది: నాలుగు వేళ్లు బోర్లా ఉన్నప్పుడు బొటనవేలు పక్కకు వాలి ఉంటుంది, వెలుతురు దాని మీద నేరుగా పడదు. అప్పటి నుంచి నాలుగు వేళ్లు ఒకసారి, రెండు బొటనవేళ్లూ కలిపి విడిగా ఒకసారి ల్యాంప్‌లో పెడుతున్నాను. తొమ్మిదో పేజీ నుంచి బొటనవేళ్ల మీద ఎరుపు లేదు. ఆ పేజీ చూసినప్పుడు కలిగిన ధైర్యం ఎవరు పొగిడినా రాలేదు.

ఫోన్‌లో నిమిషం వీడియోలు చూసి కుంగిపోయే అమ్మాయిలకు కూడా ఇదే చెప్తాను. ఆ వీడియోల్లో కనిపించేది మొదటి రోజు గోరు. పద్నాలుగో రోజు గోరు మీ పుస్తకంలో ఉంది. పోల్చుకోవాలంటే మీ మూడో పేజీతో మీ పదమూడో పేజీని పోల్చుకోండి.

చర్మానికి జెల్ తగలకూడదు

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి. గట్టిపడని జెల్ చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ వస్తుంది. వేళ్ల చుట్టూ దురద, ఎరుపు, నీటి పొక్కులు. అది ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అదే జాతి రసాయనాలు దంత వైద్యంలో, ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంట్‌లో కూడా ఉంటాయి కాబట్టి ఇది గోళ్లతో ఆగే సమస్య కాదు. కస్టమర్ కన్నా మనకే ప్రమాదం ఎక్కువ, రోజంతా దానితో ఉండేది మనమే కదా.

అందుకని చర్మం మీదికి పారిన జెల్‌ను ల్యాంప్‌లో పెట్టకముందే చెక్కపుల్లతో శుభ్రంగా తీయండి, వేలితో తుడవకండి. పొరలు పల్చగా వేయండి. జెల్ కంపెనీ చెప్పిన ల్యాంప్, చెప్పిన సమయం పాటించండి, సగం గట్టిపడ్డ జెల్ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ల్యాంప్‌లో పెట్టగానే చుర్రుమంటే చెయ్యి వెంటనే బయటికి తీయమని ముందే చెప్పండి. జెల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, మందంగా వేసినా గోరు పల్చగా ఉన్నా ఆ మంట ఎక్కువ తెలుస్తుంది.

మన ఊరి ఇబ్బందులు

మే నెలలో గదిలో జెల్ నీళ్లలా జారుతుంది, బ్రష్ మీద సగమే తీసుకోండి, రెండేసి గోళ్లకు వేసి వెంటనే ల్యాంప్‌లో పెట్టండి. డిసెంబరు పొద్దుటి పూట అదే జెల్ చిక్కబడుతుంది. సీసాను అరచేతుల మధ్య దొర్లించండి, ఊపితే బుడగలొస్తాయి. వానాకాలంలో చేతులు చెమర్చేవాళ్లకు గోరు ఆరబెట్టే డీహైడ్రేటర్ ఒక్కో చెయ్యి విడిగా, రంగు వేసే ముందే రాయండి. పైన ఫ్యాన్ తిరుగుతుంటే ఫైల్ చేసిన పొడి వచ్చి తడి జెల్ మీద వాలుతుంది. కిటికీ పక్క కూర్చుంటే ఎండకు సీసా మూతి దగ్గర, బ్రష్ మీద జెల్ గడ్డ కడుతుంది. కరెంటు పోతే మధ్యలో ఆగకుండా చార్జింగ్ ల్యాంప్ ఒకటి ఉంటే మంచిది.

పసుపు సంగతి అన్ని చోట్లా నేర్పరు. లేత రంగు వేయించుకున్నావిడ సాయంత్రం కూర కలిపి తింటే గోళ్లు పసుప్పచ్చగా కనిపిస్తాయి. మీ పని పాడైందని అనుకుంటుంది. "పసుపు అంటితే వెంటనే సబ్బుతో కడగండి, వంట చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి" అని ముందే చెప్తే ఆ ఫోన్ రాదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న గోళ్లతో వస్తారు. ఆ ఎరుపు గోరులోనే దిగి ఉంటుంది, అసిటోన్‌తో పోదు, గోరు పెరిగి కత్తిరించుకునే దాకా ఉంటుంది. దాని మీద లేత నూడ్ అడిగితే, కింది ఎరుపు కనబడుతుందని చెప్పి ముదురు రంగు చూపించండి. పెళ్లికూతురు మెహందీ కోన్ పెట్టించుకుని నీలగిరి నూనె రాసుకుని వస్తే, ఆ నూనె పూర్తిగా పోయేదాకా గోరును శుభ్రం చేయకుండా బేస్ వేయొద్దు.

ఎవరి మీద ప్రాక్టీస్ చేయాలి

ముందు మీ ఎడమ చెయ్యి. తర్వాత మీ కుడి చెయ్యి, ఎడమ చేత్తో. రెండోది కష్టంగా ఉంటుంది, అయినా చేయండి. దాని తర్వాత ఎదుటివాళ్ల చెయ్యి తేలికగా అనిపిస్తుంది.

ఆ తర్వాత ఇరవై మంది కోసం వెతకొద్దు. ఐదుగురిని ఎంచుకోండి, ఒక్కొక్కరికి నాలుగుసార్లు చేయండి. ఇరవై మందికి ఒక్కోసారి చేస్తే వాళ్లు వెళ్లిపోతారు, మీ పని రెండు వారాల తర్వాత ఎలా ఉందో మీకు తెలియదు. ఐదుగురైతే ప్రతిసారీ పాతది మీరే తీస్తారు, కింద గోరు ఎలా ఉందో మీ కళ్లతో చూస్తారు. ఈ ఐదుగురిలో రకాలు ఉండాలి: రోజూ అంట్లు తోమే పిన్ని, కంప్యూటర్ ముందు కూర్చునే స్నేహితురాలు, చేతులు చెమర్చే చెల్లి, గోళ్లు కొరికే అలవాటున్న కజిన్, పల్చటి గోళ్లున్న పక్కింటి ఆంటీ.

అడిగేటప్పుడు సూటిగా అడగండి. "పిన్నీ, నేను నేర్చుకుంటున్నాను. రెండు గంటలు పడుతుంది. డబ్బులొద్దు. కానీ వారానికోసారి ఫొటో పంపాలి, లేస్తే నువ్వు పీకొద్దు, నాకు ఫోన్ చెయ్." ఇలా చెప్పాక వాళ్లు మీ నుంచి సెలూన్ పని ఆశించరు, మీరూ నటించనవసరం లేదు.

కూర్చోబెట్టాక మాట

చాలామంది కొత్తవాళ్లు బిడియంతో ఏమీ అడగకుండా పని మొదలుపెడతారు. మూడు ప్రశ్నలు అడగండి: ఇంతకుముందు జెల్ వేయించుకుంటే దురద గానీ మంట గానీ వచ్చిందా? ఇంట్లో అంట్లు, వంట మీరే చేస్తారా? ఎన్ని రోజులు ఉండాలి? వాళ్లు జవాబు చెప్పేలోపు చేతులు తిప్పి వెలుతురులో చూడండి.

గోరు ఆకుపచ్చగా ఉన్నా, పసుపుగా మందమెక్కి పొడిలా రాలుతున్నా, కింది చర్మం నుంచి ఊడి పైకి లేచి ఉన్నా, చుట్టూ వాచి ఎర్రగా ఉన్నా ఆ రోజు పని చేయొద్దు. రంగు వేసి కప్పేస్తే లోపల ఇంకా ముదురుతుంది. నేను చెప్పే మాట ఇది: "అక్కా, ఈ వేలు డాక్టర్‌కి చూపించాలి. చర్మం డాక్టర్ చూసి పర్లేదన్నాక రండి, నేను చేస్తాను." ఖర్చు గురించి భయపడేవాళ్లకు గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఉందని చెప్పండి. మొదటిసారి వద్దని చెప్పినప్పుడు నా గొంతు తడబడింది. ఆవిడ నెల తర్వాత తిరిగొచ్చింది, తోడు ఇద్దరిని తీసుకొచ్చింది.

శుభ్రత విషయంలో బేరం లేదు. లోహపు సామాను సబ్బుతో కడిగి, ఆరాక డిసిన్ఫెక్టెంట్‌లో ముంచాలి. ఫైల్, బఫర్ (గోరును నున్నగా రుద్దేది), చెక్కపుల్ల ఒకరికి వాడింది ఇంకొకరికి వాడొద్దు.

ఫోన్ వచ్చినప్పుడు

"ఊడిపోయింది" అని ఫోన్ వస్తుంది, అందరికీ వస్తుంది. టెన్షన్ పడి సాకులు చెప్పకండి. "అలాగా అక్కా, ఏ వేలు? గోరు మొదలు వైపా, కొన వైపా? ఒక ఫొటో పెట్టండి" అనండి. ఫొటో రాగానే పుస్తకం తెరిచి ఆ పేజీ చూడండి. వారంలోపు లేస్తే ఆ వేలు ఉచితంగా చేసి ఇవ్వండి. పీకొద్దని గట్టిగా చెప్పండి, పీకితే గోరు పైపొర కూడా వస్తుంది.

ఇక డబ్బు ఎప్పుడు తీసుకోవాలి? నా లెక్క ఇది. మీ ఐదుగురిలో వరసగా ముగ్గురికి పద్నాలుగో రోజున జెల్ తీయండి. ముందు పైపొర కాస్త ఫైల్ చేసి, అసిటోన్‌లో ముంచిన దూది పెట్టి ఫాయిల్ చుట్టి పది, పదిహేను నిమిషాలు ఆగండి. మెత్తబడిన జెల్‌ను చెక్కపుల్లతో ఒత్తిడి లేకుండా తోయండి, రాకపోతే గీకకుండా మళ్లీ చుట్టండి. ఇప్పుడు ఆ గోళ్లను మొదటి రోజు ఫొటో పక్కన పెట్టి చూడండి. తెల్లటి మచ్చలు, పల్చబడిన గీతలు లేకుండా, మీరు మొదలుపెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ముప్ఫై గోళ్లూ ఉంటే, ఆ తర్వాత కొత్తగా వచ్చే మనిషి దగ్గర డబ్బు అడగండి.